పైగాలి పద్దు

తిరుపతి నుంచి చిత్తూరు వైపు కారులో వెళ్ళినవాళ్ళకి గాదంకి అనగానే టోల్‌ప్లాజా గుర్తొస్తుంది. బెంగళూరు నుంచి కొండకి వచ్చేవాళ్ళలో చాలామంది ఆ గేటు దాటినవాళ్ళే. అదే గాదంకిలో, కొండల మధ్య చదునైన నేల మీద, వరుసకి 32 చొప్పున 32 వరుసల్లో 1024 యాంటెన్నాలు ఆకాశం వైపు చూస్తూ నిలబడి ఉన్నాయి. దూరదర్శన్ రోజుల్లో బొమ్మ సరిగా రాకపోతే మేడెక్కి అటూ ఇటూ తిప్పేవాళ్ళమే, ఆ యాంటెన్నాలకి ఇవి పెద్దన్నయ్యలు. వీటితో చూసేది గాలిని. మన నెత్తిమీద ఇరవై కిలోమీటర్ల దాకా, పగటిపూటయితే అరవై నుంచి తొంభై కిలోమీటర్ల మధ్య కూడా, గాలి ఎటు వీస్తోందో, ఎంత జోరుగా వీస్తోందో అక్కడ కొలుస్తారు. 1990ల మొదట్లో మొదలైన పని ఇది. దాని పేరు ఎంఎస్టీ రాడార్. ఆ చోటుకి ఇప్పటి పేరు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. మన రాష్ట్రంలో ఇంత పెద్ద పని జరుగుతోందని చదువుకున్న తెలుగువాళ్ళలో కూడా ఎంతమందికి తెలుసు? నాకు తెలిసిన ఇంజనీర్లని పదిమందిని అడిగాను. ఒక్కడు చెప్పాడు. వాడిది పాకాల.

నేను ఉండేది కెనడాలో, సర్రీలో. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాతావరణ శాస్త్రం నా వృత్తి కాదు. తెలుగు టైపు ఎలా నేర్చుకున్నానో ఇదీ అలాగే, ఎవరూ చెప్పకుండా, అవసరం కొద్దీ కాస్త, సరదా కొద్దీ కాస్త. ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి కారణం ఒక వాదన. మా ఆఫీసులో లంచ్ దగ్గర ఒక తెలుగు కుర్రాడు అన్నాడు, "ఏఐ మోడల్ ఒక్క నిమిషంలో పదిరోజుల వాతావరణం చెప్పేస్తోంది కదన్నా, ఇంకా ఈ బెలూన్లు, రాడార్లు ఎందుకు? డబ్బు దండగ కాదూ?" అని. తెలివైన కుర్రాడే. ఇలా అనుకునేవాళ్ళు వాడొక్కడే కాదు, బడ్జెట్లు రాసేవాళ్ళలో కూడా ఉన్నారు. అదీ నా భయం.

నా మాట ముందే చెప్పేస్తాను. పైగాలి కొలతల్లో అన్నిటికంటే విలువైనది పద్దు. రోజూ ఒకే వేళకి, ఒకే పద్ధతిలో, ఏళ్ళ తరబడి రాసుకుంటూ పోయిన పద్దు. యంత్రం పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. పద్దులో ఒక ఏడాది ఖాళీ పడితే ఎంత డబ్బు పోసినా ఆ ఏడాది గాలి మళ్ళీ వీయదు. ప్రభుత్వాలైనా, కంపెనీలైనా, మనమైనా డబ్బిచ్చేది కొత్త యంత్రానికి. పద్దు రాసేవాడికి ఇచ్చే జీతం మాత్రం ఎప్పుడూ అదనపు ఖర్చులానే కనిపిస్తుంది.

అసలు గాలిని ఎలా చూస్తారు? నేల మీద గాలి సంగతి చెట్టు చెబుతుంది, ఆరేసిన పంచె చెబుతుంది. పది కిలోమీటర్ల పైన చెట్టూ లేదు, పంచే లేదు. గాదంకి రాడార్ 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలని పైకి పంపుతుంది. వాటి పొడవు ఐదున్నర మీటర్లు దాటుతుంది. పైన గాలి ఎప్పుడూ నునుపుగా ఉండదు, లోపల చిన్న చిన్న సుడులుంటాయి. ఆ సుడుల్లో సుమారు మూడు మీటర్ల పరిమాణం ఉన్నవి, అంటే తరంగం పొడవులో సగం ఉన్నవి, వచ్చిన తరంగంలో అతి కొద్ది భాగాన్ని వెనక్కి చెదరగొడతాయి. పంపింది లక్షల వాట్లు, తిరిగొచ్చింది లేనట్టే ఉండే ఓ గుసగుస. సుడి గాలితోపాటు కదులుతోంది కాబట్టి ఆ గుసగుస స్థాయి కాస్త మారి వస్తుంది. మన వైపు వచ్చే రైలు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపించడానికి కారణమేదో ఇక్కడా అదే.

ఆ మార్పు ఎంతో ఒకసారి లెక్క వేసుకున్నాను. పైన గాలి సెకనుకి 30 మీటర్ల వేగంతో, అంటే గంటకి వంద కిలోమీటర్లకి పైగా, వీస్తోందనుకుందాం. రాడార్ కిరణం నిట్టనిలువు నుంచి పది డిగ్రీలు వంచి పంపితే, ఆ దిక్కున కనిపించే వేగం సెకనుకి ఐదు మీటర్ల పైచిలుకు. దానివల్ల స్థాయిలో వచ్చే తేడా రెండు హెర్ట్జ్‌కి కూడా తక్కువ. సెకనుకి ఐదు కోట్ల ముప్ఫై లక్షల కంపనాలు పంపి, తిరిగొచ్చినదాంట్లో రెండు కంపనాల తేడా పట్టుకోవాలి! తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, నడినెత్తి, ఇలా కిరణాన్ని మార్చి మార్చి పంపి, వచ్చిన అంకెలు కలిపితే గాలి దిక్కూ వేగమూ తేలతాయి. ఇంత చేసినా యాంటెన్నా ఒక్కటీ కదలదు. ఏ యాంటెన్నాకి సంకేతం ఎంత ఆలస్యంగా అందించాలో లెక్క కట్టి కిరణాన్ని వంచుతారు. ఈ రాడార్‌ని ముంబయిలోని సమీర్ సంస్థ మన దేశంలోనే తయారు చేసింది. మొదట 32 పెద్ద ట్రాన్స్‌మిటర్లతో నడిచింది. తర్వాత ఒక్కో యాంటెన్నాకి ఒక్కో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి మార్చారు. ఇంజనీరింగ్‌లో యాంటెన్నాల పేపర్ పాసవ్వడానికి మాత్రమే చదివిన మనలాంటివాళ్ళకి ఈ సంగతి అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. చిత్తూరు జిల్లా కాలేజీల్లో కూడా పాఠ్యపుస్తకంలో ఉదాహరణ ఎక్కడో అమెరికాలోదే.

రాడార్ ఉన్నచోట సరే. లేనిచోట బెలూన్. ప్రపంచమంతటా దాదాపు 900 చోట్ల రోజుకి ఒకటి రెండుసార్లు, అందరూ ఒకే వేళకి, బెలూన్ ఎగరేస్తారు. గ్రీనిచ్ లెక్కన అర్ధరాత్రి ఒకటి, మధ్యాహ్నం ఒకటి. మనదేశంలో అది తెల్లవారి ఐదున్నర, సాయంత్రం ఐదున్నర. విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాదుల్లో వాతావరణ శాఖ బెలూన్లు ఆ లెక్క ప్రకారమే లేస్తాయి. ఇక్కడ మా బ్రిటిష్ కొలంబియాలో ప్రిన్స్ జార్జ్, పోర్ట్ హార్డీ లాంటి ఊళ్ళ నుంచి లేచే బెలూన్లదీ అదే వేళ. బెలూన్ కింద చిన్న పెట్టె ఉంటుంది. వేడి, తేమ, ఒత్తిడి చెబుతూ, తనెక్కడుందో చెబుతూ పైకి పోతుంది. గాలి ఎటు తోస్తే అటు పోతుంది కాబట్టి దాని దారే గాలి కొలత. ముప్ఫై కిలోమీటర్లు దాటేసరికి ఉబ్బి ఉబ్బి పగిలిపోతుంది. ఇందులో చెప్పుకోదగ్గ గొప్ప టెక్నాలజీ ఏదీ లేదు. మాట తప్పకుండా రోజూ చెయ్యడమే అందులో గొప్ప. దేశాలు యుద్ధాల్లో ఉన్నా గడియారం మాత్రం ఒకటే పాటిస్తాయి.

ముప్ఫై నుంచి అరవై కిలోమీటర్ల మధ్య ఉన్నదే అసలు చిక్కు. బెలూన్ అక్కడికి చేరదు, గాదంకి రాడార్‌కి అక్కడ ప్రతిధ్వని దొరకదు. అందుకని రాకెట్. చిన్న రాకెట్ పైకి తీసుకెళ్ళి సన్నటి రాగి తీగ ముక్కల్ని విరజిమ్ముతుంది, అవి కిందకి తేలుతూ వస్తుంటే రాడార్‌తో వెంబడిస్తారు. ఇంకా పైన, ఎనభై నుంచి వంద కిలోమీటర్ల మధ్య, పని ఉల్కలు చేసిపెడతాయి. ఇసుక రేణువంత ఉల్క కాలిపోతూ వదిలే చార కొద్ది క్షణాలు గాలికి కొట్టుకుపోతుంది. ఆ కాసేపట్లోనే దాన్ని రాడార్ పట్టుకుంటుంది. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో 2013 నుంచి ఈ పని చేసే ఉల్కా రాడార్ ఉంది. మనం ఒక్క రాలే చుక్కని చూసి కోరిక కోరుకుంటాం, అది పగలూ రాత్రీ వేల చుక్కలు లెక్కపెడుతుంది.

రాకెట్ అన్నాను కాబట్టి ఒక మాట. తుంబా అనగానే సైకిల్ వెనక రాకెట్ ముక్కు కట్టుకుని తీసుకెళ్ళే ఫోటో అందరికీ గుర్తొస్తుంది. వాట్సప్‌లో ఏటా రెండుసార్లయినా వస్తుంది. 1963 నవంబర్ 21 సాయంత్రం అక్కడి నుంచి లేచిన మొదటి రాకెట్ ఏం మోసుకెళ్ళింది అంటే చెప్పగలిగేవాళ్ళు తక్కువ. రాకెట్ అమెరికాది, లోపలి సరుకు ఫ్రాన్స్‌ది, ఆ సరుకు సోడియం. పైన సోడియం ఆవిరి వదిలారు. నేల మీద చీకటి పడినా అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది, ఆ ఎండలో సోడియం మేఘం నారింజ రంగులో మెరిసింది. ఆ మేఘం గాలికి ఎటు సాగిందో, ఎలా వంకర తిరిగిందో వేర్వేరు చోట్ల నుంచి ఫోటోలు తీసి, త్రికోణాల లెక్కతో గాలి వేగం రాబట్టడం పద్ధతి. మన అంతరిక్ష కార్యక్రమం పుట్టిందే పైగాలి కొలవడానికి! చంద్రుడూ అంగారకుడూ తర్వాతి మాట. ఆ పని ఇంకా అయిపోలేదు కూడా. 2021 మార్చి 12న శ్రీహరికోట నుంచి ఆర్‌హెచ్-560 రాకెట్ లేచిందీ పైవాతావరణపు గాలుల కోసమే. ఆ వార్త ఎన్ని పేపర్లలో మొదటి పేజీకి వచ్చిందో మీరే ఊహించుకోండి.

ఈ మరుపు మనదొక్కరిదే అనుకోకండి. నేను ఉంటున్న దేశమూ అంతే. 1991 సెప్టెంబర్‌లో డిస్కవరీ షటిల్ యూఏఆర్ఎస్ అనే ఉపగ్రహాన్ని వదిలింది. అందులో విండీ అని ఒక పరికరం, కెనడా, ఫ్రాన్స్ కలిసి చేసినది. టొరంటోలోని యార్క్ యూనివర్సిటీకి చెందిన గోర్డన్ షెఫర్డ్ దానికి పెద్ద. పై వాతావరణంలో ఆక్సిజన్ తనంతట తాను సన్నగా వెలుగుతూ ఉంటుంది, పచ్చగా ఒకటి, ఎర్రగా ఒకటి. కంటికి ఆనదు గాని అంతరిక్షం నుంచి చూస్తే భూమి చుట్టూ పల్చటి గాజులా కనిపిస్తుంది. ఆ వెలుగు రంగులో వచ్చే అతి సూక్ష్మమైన మార్పు నుంచి, ఎనభై కిలోమీటర్ల నుంచి మూడువందల కిలోమీటర్ల దాకా గాలిని విండీ కొలిచింది. పదేళ్ళకి పైగా పని చేసింది. కెనడా గర్వంగా చెప్పుకోవలసిన పరికరం. ఇక్కడ పేపర్లలో యూఏఆర్ఎస్ పేరు మారుమోగింది మాత్రం 2011 సెప్టెంబర్‌లో, పాడైపోయిన ఆ ఉపగ్రహం కింద పడబోతోందన్నప్పుడు. ఎవరి నెత్తిన పడుతుందో అని వారం రోజులు చర్చ. చివరికి పసిఫిక్‌లో పడింది.

ఇప్పుడు పద్దు సంగతికి వస్తాను. ఉదాహరణకి సర్రీ మీద పది కిలోమీటర్ల ఎత్తున గాలి సాధారణంగా పడమటి నుంచి వస్తుంది. తిరుపతి మీద వానాకాలంలో పదిహేను కిలోమీటర్ల ఎత్తున ఎదురు తిరిగి తూర్పు నుంచి వస్తుంది, అదీ గంటకి నూరు నూట ముప్ఫై కిలోమీటర్ల జోరుతో. నేల మీద నైరుతి గాలి వీస్తూనే ఉంటుంది, నెత్తిమీద దానికి అడ్డంగా తూర్పు ప్రవాహం. ఈ తూర్పు జెట్‌ని లోకానికి చూపించిన శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. పేరు చూస్తేనే మనవాడని తెలుస్తుంది. వాతావరణ శాఖలో పని చేసి, డైరెక్టర్ జనరల్ దాకా వెళ్ళి, 1975లో పద్మభూషణ్ అందుకున్నాడు. 1958లో ఆయన రాసిన పరిశోధన పత్రం ఈనాటికీ ఉదహరిస్తారు. వేసవిలో టిబెట్ పీఠభూమి వేడెక్కడానికి, ఈ ప్రవాహానికి, మన ఋతుపవనానికి ఉన్న లంకె గురించి ఆలోచించిన తొలివాళ్ళలో ఆయన ఒకరు. ఆయన చేతిలో ఉన్నదల్లా బెలూన్లు తెచ్చిన అంకెలు. ఎవరో గుమాస్తాలు, ఎవరో అబ్జర్వర్లు, ఎక్కడెక్కడి ఊళ్ళలోనో పొద్దున్నే లేచి రాసి పంపిన అంకెలు. వాళ్ళ పేర్లు ఏ పత్రంలోనూ ఉండవు.

ఇంతకంటే గట్టి ఉదాహరణ ఇంకొకటుంది. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు దాని ధూళి భూమధ్యరేఖ పొడవునా తూర్పు నుంచి పడమటికి సుమారు రెండు వారాల్లో భూమిని చుట్టొచ్చింది. కాబట్టి పైన ఎప్పుడూ తూర్పుగాలే అని రాసుకున్నారు. 1908లో తూర్పు ఆఫ్రికాలో బెలూన్లు ఎగరేస్తే పడమటి గాలి కనిపించింది. ఇద్దరిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. భూమధ్యరేఖ మీద ఇరవై ముప్ఫై కిలోమీటర్ల ఎత్తున గాలి కొన్నాళ్ళు తూర్పు నుంచి, కొన్నాళ్ళు పడమటి నుంచి వీస్తుంది. ఒక చుట్టు పూర్తవడానికి సగటున 28 నెలలు. ఋతువులకి సంబంధం లేని లెక్క అది. ఈ సంగతి 1960 ప్రాంతంలో అమెరికాలో రీడ్, బ్రిటన్‌లో ఎబ్డన్ విడివిడిగా తేల్చారు. ఎలా? 1950ల నుంచి ఆగకుండా ఎగరేసిన బెలూన్ల పద్దు ముందేసుకుని.

ఇరవై ఎనిమిది నెలల చుట్టుని మూడేళ్ళ ప్రాజెక్టుతో కనిపెట్టలేం, ఒక్క చుట్టు చూసి అది మళ్ళీ వస్తుందని ఎవరూ నమ్మరు. పైగా 2016లో ఆ చుట్టు మధ్యలో తెగింది. పడమటి గాలి మధ్యలో అనుకోకుండా తూర్పుగాలి దూరింది. 1953 నుంచి ఉన్న పద్దులో అలాంటిది ఎప్పుడూ లేదు. "ఎప్పుడూ లేదు" అని చెప్పగలగడానికి పద్దు ఉండాలి కదా. 2020 ప్రాంతంలో మళ్ళీ అలాంటిదే జరిగింది. వాతావరణం వేడెక్కుతున్నందువల్లనా, యాదృచ్ఛికమా అన్నది తేలాలంటే ఇంకా కొన్ని దశాబ్దాలు రాయాలి.

తుంబాలో ఇలాంటి పద్దే ఒకటి నడిచింది. 1970ల నుంచి 1990ల మొదటిదాకా వారం వారం రష్యా రాకెట్లతో ముప్ఫై కిలోమీటర్ల పైన గాలి కొలిచారు. అది ఆగిపోయింది. ఆగిన పద్దు మీద ఇప్పటికీ పరిశోధన పత్రాలు వస్తున్నాయి, కొనసాగి ఉంటే ఏం వచ్చేవో.

మా కుర్రాడి ఏఐ దగ్గరికి వద్దాం. గూగుల్ డీప్‌మైండ్ 2023లో గ్రాఫ్‌కాస్ట్ అనే మోడల్ తెచ్చింది. నిజంగానే ఒక నిమిషం లోపల పదిరోజుల అంచనా ఇస్తుంది, చాలా విషయాల్లో పాత పద్ధతి కంటే మెరుగ్గా ఇస్తుంది. నాకూ ముచ్చటేసింది. అది ఏం తిని పెరిగింది? 1979 నుంచి 2017 దాకా ఉన్న వాతావరణ చరిత్ర. యూరప్ వాతావరణ కేంద్రం బెలూన్లు, విమానాలు, ఓడలు, ఉపగ్రహాలు ఇచ్చిన కొలతలన్నీ కూర్చి అల్లిన చరిత్ర అది. అంటే, దండగ అన్న పద్దే దాని అన్నం. పెరిగాక కూడా ఊరికే జోస్యం చెప్పదు. ఇప్పటి స్థితి, ఆరుగంటల కిందటి స్థితి ఇస్తేనే నోరు విప్పుతుంది. ఆ స్థితి ఎక్కడి నుంచి వస్తుంది? మళ్ళీ ఆ కొలతల నుంచే. అది నేర్చుకున్న ఎత్తు కూడా సుమారు యాభై కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. దాని పైన జరిగేదానితో మనకేం పని అంటారా? 2022 ఫిబ్రవరిలో ఒకేసారి పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 40 దాకా కక్ష్య చేరకుండానే రాలిపోయాయి. సూర్యుడి నుంచి వచ్చిన తుఫానుకి పై వాతావరణం వేడెక్కి ఉబ్బి, వాటిని వెనక్కి లాగింది. ఇంటర్నెట్ మీద బతికే వృత్తి మాది, ఈ లెక్క మాకైనా అర్థం కావాలి.

ఉపగ్రహాలతోనే గాలి కొలవచ్చు కదా అన్నది ఇంకో మాట. కొలవచ్చు. యూరప్ వాళ్ళు 2018లో ఏయోలస్ అనే ఉపగ్రహం పంపారు, లేజర్‌తో ముప్ఫై కిలోమీటర్ల దాకా గాలిని కొలిచింది, అంచనాలు మెరుగయ్యాయి. 2020లో కోవిడ్‌కి విమానాలు ఆగి వాటి నుంచి రావలసిన కొలతలు పడిపోయినప్పుడు అక్కరకొచ్చింది. 2023లో దాని ఆయువు తీరింది. దాని చోట వెంటనే ఎక్కడానికి ఇంకొకటి సిద్ధంగా లేదు. నేను ఉపగ్రహాలకి వ్యతిరేకిని కాను. సర్వర్ మార్చేటప్పుడు మేం పాతదీ కొత్తదీ కొన్నాళ్ళు పక్కపక్కన నడుపుతాం. రెండూ ఒకే మాట చెబుతున్నాయని చూసుకున్నాకే పాతదాన్ని ఆపుతాం. గాలి విషయంలో కూడా అంతే అడుగుతున్నాను.

ఇది ఊహాగానం కాదు. 2025 ఫిబ్రవరి చివర్లో అలాస్కాలోని కోట్జెబ్యూలో అమెరికా వాతావరణ శాఖ బెలూన్లు ఆపేసింది. కారణం, ఎగరేయడానికి మనుషులు చాలరు. మార్చిలో నెబ్రాస్కాలోని ఒమాహాలో, సౌత్ డకోటాలోని ర్యాపిడ్ సిటీలో ఆపారు. ఇంకొన్ని చోట్ల రెండుపూటల బెలూన్ ఒక పూట అయింది. మాకు వాతావరణం వచ్చేదే పసిఫిక్ మీంచీ అలాస్కా మీంచీ. 2021 నవంబర్‌లో మా పక్కనున్న అబ్బాట్స్‌ఫర్డ్‌లో పొలాలు చెరువులై, కొండల్లో హైవేలు తెగిపోయి, కొన్ని రోజులు వాంకూవర్ ప్రాంతానికి మిగతా కెనడాతో రోడ్డు లేకుండా పోయింది. అలాంటి వాన ఎప్పుడు ఎక్కడ పడుతుందో చెప్పేది పైగాలి నడకే. నేను ఒకప్పుడు పని చేసిన ఒక కంపెనీలో, డిస్క్ ఖర్చు ఎక్కువవుతోందని లాగ్ ఫైళ్ళు దాచే కాలాన్ని తొంభై రోజుల నుంచి ఏడు రోజులకి తగ్గించారు. ఆ నెలే నెలకోసారి వచ్చే ఒక లోపం మొదలైంది. మూడు నెలలు, ముగ్గురం, రాత్రిళ్ళు కూర్చున్నాం. మిగిలిన డిస్క్ ఖర్చు మా టీ ఖర్చుకి కూడా రాలేదు. గాలి లాగ్ తుడిచేస్తే మూడు నెలలు కూర్చున్నా దొరకదు.

మన తీరం వాళ్ళకి ఇది ఇంకా దగ్గరి సంగతి. తుఫాను తనంతట తాను నడవదు, చుట్టూ ఉన్న పైగాలి దాన్ని తోసుకెళ్తుంది. 1977 నవంబర్ 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు పదివేల మంది దాకా పోయారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది. ఊరు ఊరంతా చెట్లు లేకుండా అయింది. కానీ అది విశాఖ దగ్గరే తీరం దాటుతుందని రోజుల ముందే తెలుసు, లక్షల మందిని తరలించారు, ప్రాణనష్టం దివిసీమతో పోల్చలేనంత తక్కువ. ఆ తేడాలో ఉపగ్రహాలకీ కంప్యూటర్లకీ ఫోన్లకీ తుఫాను షెల్టర్లకీ వాటా ఉంది. మచిలీపట్నంలో తెల్లవారి బెలూన్ వదిలే ఉద్యోగికీ ఉంది.

ఈ మాట ఎత్తితే మనవాళ్ళలో కొందరు వెంటనే సప్త మరుత్తుల గురించి చెబుతారు. ఆవహం, ప్రవహం, సంవహం, ఉద్వహం, వివహం, పరివహం, పరావహం అని ఏడు గాలులు ఒకదాని పైన ఒకటి ఉన్నాయనీ, గ్రహాల్ని తిప్పేది ప్రవహ వాయువనీ మన పాతవాళ్ళు అన్నారు. నాకు ఆ పేర్లు ఇష్టం. పైన గాలి పొరలు పొరలుగా ఉంటుందనుకోవడం మంచి ఊహ. అయితే పేరు పెట్టడం వేరు, కొలవడం వేరు. ఏ పొరలో ఎంత వేగమో చెప్పిన శ్లోకం నాకు కనిపించలేదు. పూర్వులకి అన్నీ తెలుసు అని గర్వపడేవాళ్ళు గాదంకిలో ఇప్పుడున్నవాళ్ళకి తెలిసినదాని మీద అందులో పదోవంతు గర్వపడినా సంతోషిస్తాను. తెలుగులో పైరగాలి, ఈదురుగాలి, వడగాలి, సుడిగాలి, కొండగాలి, పిల్లగాలి అని నేల మీద గాలికి ఇన్ని మాటలున్నాయి. పదిహేను కిలోమీటర్ల ఎత్తున వానాకాలమంతా మన మీంచి పోయే ఆ తూర్పు ప్రవాహానికి ఒక్క తెలుగు మాట లేదు. కవులున్నారు, కాస్త ఆలోచించండి.

నేను అడిగేవి చిన్నవే. గాదంకిలో ప్రతిరోజూ కొలిచే గాలిని తెలుగులో, మామూలు మనిషికి అర్థమయ్యేలా, ఒక్క పేజీలో చూపించాలి. నిన్న మన మీద ఏ ఎత్తున ఎటు నుంచి ఎంత గాలి, పోయిన ఏడాది ఇదే రోజు ఎంత, పదేళ్ళ కిందట ఎంత. అంతే. పాకాలలో ఏడో తరగతి చదివే పిల్ల అది చూసి ఎలా తెలిసిందని అడిగితే, సార్లు బస్సెక్కించి చూపించేంత దూరంలోనే ఉంది. ముప్ఫై ఏళ్ళ పైబడ్డ పద్దు ఉన్న ఊరు అది, టోల్‌ప్లాజా పక్కన ఒక బోర్డుకైనా నోచుకోవాలి. పేజీ తయారు చెయ్యడం పెద్ద పని కాదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళం ముగ్గురం కూర్చుంటే నాలుగు శని ఆదివారాల్లో అయిపోతుంది, ఖర్చు కూడా ఏమంత ఉండదు. గ్రాఫుల పని నేను చేస్తాను. తిరుపతి వైపు ఉన్నవాళ్ళు ఎవరైనా వెళ్ళి, ఏ అంకెలు ఏ రూపంలో బయటికి ఇవ్వగలరో కనుక్కుని రాగలిగితే నాకు రాయండి.